తుడిచినవాడి పాపం

మా కారు నల్లది. కొనేటప్పుడే మా ఆవిడ "తెల్లది తీసుకుందామండీ, దుమ్ము కనపడదు" అంది. నల్ల కారుకుండే హుందాతనం తెల్లదానికి రాదని అరగంట వాదించి గెలిచాను. ఇంట్లో నేను గెలిచిన వాదనలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒక్కో గెలుపుకీ ఇప్పటిదాకా కిస్తీలు కడుతూనే ఉన్నాను.

పోయిన దసరాకి ఆయుధపూజ చేశాం. బానెట్ మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి, ఏదీ వదల్లేదు. మా అబ్బాయి ఫోన్లో ఫొటో తీశాడు. అప్పటికి పదకొండు దాటింది, ఎండ సూటిగా బానెట్ మీద పడుతోంది. ఫొటోలో చూస్తే సూర్యబింబం చుట్టూ ఇంత పెద్ద సాలెగూడు! సన్నసన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. "ఎవరో పీచు పెట్టి తోమినట్టున్నారు నాన్నా" అన్నాడు వాడు.

ఎవరో అంటే ఎవరు? నా ఉద్యోగం ఆడిట్. ముప్పై ఏళ్ళుగా ఇతరుల తప్పులు పట్టే జీతం ఇంటికి తెస్తున్నాను. దోషిని తేల్చడానికి మూడు నిమిషాలు పట్టింది. మా అపార్ట్‌మెంటులో తెల్లారకముందే పాతిక కార్లు తుడిచే కుర్రాడున్నాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ, పాతిక కార్లు. ఇంకేం సాక్ష్యం కావాలి? సాయంత్రం పిలిచి, రేపట్నుంచి మా బండి జోలికి రావద్దన్నాను. అతను ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, "సరే సార్" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కార్లకి మెరుగుపెట్టే దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడాయన టార్చి వేసి అటూ ఇటూ చూసి, "పెయింట్ కరెక్షన్ చెయ్యాల్సిందే సార్, ఇరవై వేలవుతుంది" అన్నాడు. మా నాన్నగారు బడిపంతులు. మా ఇంట్లో కరెక్షన్ అంటే ఎర్రసిరా. దానికి ఇరవై వేలేమిటి? నేనే చేసుకుంటానని ఇంటికొచ్చి ప్రకటించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫ్యాను రెగ్యులేటరు నేనే బాగుచేసిన వేసవిని కూడా ఎత్తలేదు. పైకి మాత్రం ఒకసారి చూసింది, ఫ్యాను వైపు.

మిషను కొనడం తేలికే. డ్యుయల్ యాక్షన్ అనే రకం తెచ్చాను. అది తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకి కూడా ఊగుతుంది. రోటరీ మిషనులా ఒకేచోట వేడి పుట్టించి రంగు కాల్చేసే భయం తక్కువ. నాలాంటివాళ్ళు పుడతారని ముందే ఊహించి చేశారన్నమాట. చిక్కంతా దాని మూతికి తగిలించే స్పాంజి దగ్గరొచ్చింది. ఫోమ్ ప్యాడ్ అంటారు దాన్ని. వెనక వెల్‌క్రో ఉంటుంది, మిషను పళ్ళేనికి అంటుకుంటుంది. చూడ్డానికి బన్నులా ఉంటుంది. ధర మాత్రం బేకరీ ధర కాదు.

కారు రంగు మీద క్లియర్ కోట్ అని గాజులాంటి పొర ఒకటుంటుంది. మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది (మామూలు వెంట్రుక సంగతి చెప్తున్నాను, నా తలమీద మిగిలినవి లెక్కలోకి రావు). ఈ గీతలన్నీ ఉండేది ఆ పొరలోనే. పాలిష్ అంటే గీతలు పూడ్చడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. గుంట పూడ్చడం కాదట, గుంట అడుగుదాకా ఊరంతటినీ చెక్కెయ్యడం. అందుకే ఎంత చెక్కుతున్నామన్నది ముఖ్యం. చెక్కింది మళ్ళీ రాదు.

చెక్కేదాంట్లో సగం పని ప్యాడ్ మీద పెట్టే పాలిష్ మందుది, సగం ప్యాడ్‌ది. గట్టి ఫోమ్ కోస్తుంది, మధ్యరకం నునుపు చేస్తుంది, మెత్తటిది మెరుపు తెస్తుంది. మందు మార్చకపోయినా ప్యాడ్ మారిస్తే పని తీరే మారిపోతుంది. ఇంతవరకూ బాగానే తలకెక్కింది. తర్వాత రంగులు మొదలయ్యాయి.

ఇటలీ రూపెస్ వాళ్ళకి నీలం ప్యాడ్ గరుకు, ఆకుపచ్చ మధ్యరకం, పసుపు మెత్తన, తెలుపు మరీ మెత్తన. అమెరికా లేక్ కంట్రీ వాళ్ళకి పసుపు కోతరకం, నలుపు మెత్తన. త్రీఎమ్ వాళ్ళకి తెలుపు కోతమందు (కాంపౌండ్) రుద్దడానికి, నీలం చిట్టచివరి మెరుపుకి. చౌరస్తాలో ఎరుపంటే ఆగమనేనని అందరూ ఒప్పుకున్నారు (ఆగుతారా అన్నది వేరే సంగతి). ఇక్కడ మాత్రం ఒకరి కత్తి ఇంకొకరి పట్టుగుడ్డ. రంగు చూడకుండా బొటనవేలితో నొక్కి చూస్తే ఎంత గట్టిదో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను ఆడిటర్ని కదా, పట్టిక కావాలి నాకు. ఒక కంపెనీ పట్టిక బట్టీపట్టి, ఇంకొకరి సెట్టు కొన్నాను. ఆ సెట్టు అట్టపెట్టె మీద వివరం ముద్రించే ఉంది. పెట్టె చించి చెత్తబుట్టలో వేసిన చెయ్యి నాదే.

కొలత విషయంలోనూ నా తెలివి చూపించాను. మిషను పళ్ళెం అయిదంగుళాలు, దానికి అయిదున్నర అంగుళాల ప్యాడ్ సరిపోతుంది. ఏడంగుళాలవి తగ్గింపు ధరలో ఉన్నాయని అవి రెండు కొన్నాను. తగిలించి చూస్తే అరచేతిలో పెద్ద అప్పడం పెట్టుకున్నట్టు చుట్టూ అంచులు వేలాడాయి.

కొత్త ప్యాడ్లు వంటింటి గట్టు మీద పేర్చి ఉంటే మా అమ్మ వచ్చి, "ఇన్ని రకాలెందుకురా?" అని అడిగింది. గట్టిది, మధ్యది, మెత్తది అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. సగంలో ఆపింది. "ఇత్తడి బిందె మసిపట్టి ఉంటే ఇటుకపొడి. లేకపోతే చింతపండు. ఆ తర్వాత మెత్తటి ముగ్గు, ఆఖర్న పొడిగుడ్డ. చింతపండుతో పోయేదానికి ఇటుకపొడి పట్టుకుంటే మీ నాయనమ్మ ఊరుకునేది కాదు" అంది. సరిగ్గా ఇదే ఈ విద్యకి మొదటి సూత్రం: ముందు మెత్తటి ప్యాడ్‌తో ఒక మూల రెండడుగుల చదరం చేసి చూడు, చాలకపోతేనే గట్టిదానికి వెళ్ళు. ఆ సూత్రం నేనూ చదివాను. కానీ దెబ్బకి దెయ్యం వదలాలన్న మనస్తత్వం నాది. గట్టిదే తీశాను.

ఆదివారం పొద్దున్న సెల్లారులో చీకటిగా ఉందని కారు బయటపెట్టాను. ప్యాడ్ మీద నాలుగు శనగగింజలంత మందు పెట్టి, బానెట్‌కి ఆనించి, అప్పుడు మిషను వెయ్యాలి. నేను ముందు మిషను వేసి తర్వాత ఆనించబోయాను. మందు నా కళ్ళజోడు మీద, గోడ మీద, పక్క ఫ్లాటువాళ్ళ స్కూటరు మీద సమానంగా పంపిణీ అయింది. మిగిలిన కాస్తా ఎండకి ఎండి అట్టకట్టింది. కారుని మళ్ళీ నీడలోకి తోశాం. 'తోశాం' అంటే మా అబ్బాయి తోశాడు.

రెండు గంటలు రుద్దాను. ఒక్క గీత పోలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. నడుం పట్టేసింది గానీ గీతలకి చీమ కుట్టినట్టు లేదు. కాఫీ తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "అది తిరగట్లేదు కదండీ, వణుకుతోంది" అంది. నిజమే. బలంగా నొక్కితే ఈ మిషను తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. తిరుగుతోందో లేదో తెలియడానికే పళ్ళెం అంచుమీద మార్కర్‌తో ఒక గీత గీసుకుంటారు. కారు మీద అన్ని గీతలున్నవాడికి ఆ ఒక్కటి గీసుకోవాలని తోచలేదు.

నొక్కుడు తగ్గించాక పని జరిగింది. గీతలు పోయాయి, వాటి చోట సన్నటి మసక వచ్చింది. అది మామూలే, గట్టి ప్యాడ్ వదిలిన మసకని మెత్తది తీసేస్తుంది. నా పట్టిక ప్రకారం మెత్తది పసుపు. పసుపు పెట్టి భక్తిగా రుద్దాను. మసక పోలేదు సరికదా, చిక్కబడింది. ఇంకోసారి రుద్దాను. సంక్రాంతి పొద్దుటి పొగమంచులా బానెట్ అంతా పరుచుకుంది. అప్పుడు బొటనవేలితో నొక్కి చూశాను. నేను కొన్న సెట్టు కంపెనీ లెక్కలో పసుపే అన్నిటికన్నా గట్టిది. అమ్మ మాటల్లో చెప్పాలంటే, ఇటుకపొడి మీద మళ్ళీ ఇటుకపొడి.

మెత్తటి నల్ల ప్యాడ్ పెట్టాక మంచు విడిపోయింది. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగిద్దామనుకున్నాను గానీ, అది మందు తాగి, ముద్దయి, వేడెక్కి, మధ్యలో సొట్టపడింది. కారుకి అయిదారు ప్యాడ్లు ఉండాలట, ప్రతి భాగానికీ మధ్యలో బ్రష్షుతో దులుపుకోవాలట. ఆ బ్రష్షు కోసం బాత్రూంలో వెతికిన కథ వదిలేస్తున్నాను.

సాయంత్రానికి టాపు మిగిలింది. స్టూలు ఎక్కి టార్చి వేసి చూశాను. అంచులనుంచి ఒక మూరెడు దాకా సాలెగూళ్ళే. మధ్యలో మాత్రం ఒక్క గీత లేదు! షోరూము నుంచి తెచ్చిన రోజెలా ఉందో అలాగే ఉంది. స్టూలు మీదే నిలబడి ఆలోచించాను. కార్లు తుడిచే కుర్రాడు ఆరడుగుల పొడుగు, అతని చెయ్యి టాపు ఆ చివరిదాకా పోతుంది. నేను అయిదడుగుల మూడంగుళాలు. నా చెయ్యి మూరెడు కన్నా పోదు.

రోజూ ఏడింటికి, అతను తుడిచి వెళ్ళాక, అతని పని మీద నమ్మకం లేక పాత బనియను ముక్కతో మళ్ళీ తుడిచేవాణ్ణి. పొడిగా, గుండ్రంగా, ప్రేమగా. పొడిగుడ్డ కింద దుమ్ము చిక్కితే అది ఉప్పుకాగితమే కదా. ఆయుధపూజలో ఎండిపోయిన కుంకుమని కూడా అదే బనియనుతో రుద్దాను, పైగా గోటితో గీకాను.

స్టూలు దిగాను. మా ఆవిడకి చెప్పలేదు. రెండ్రోజులు పోయాక ఆ కుర్రాణ్ణి పిలిచి, "ఆ గీతలు నీవి కాదయ్యా, నావే" అన్నాను.

"తెలుసు సార్" అన్నాడు.

"తెలిస్తే చెప్పొద్దూ?"

"చెప్దామనే నోరు తెరిచా సార్. మీరు దాన్ని అంత ముద్దుగా తుడుచుకుంటుంటే..." అని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. నాకు గుండె ఉబ్బింది. పదకొండు గంటల కష్టం, మిషను, మందు, ప్యాడ్లు కలిపి ఇరవై మూడు వేలు. వంగి బానెట్‌లో మొహం చూసుకుని, "బాగా కడిగారు సార్" అన్నాడు.

మళ్ళీ పనిలోకి రావడానికి నెలకి వంద ఎక్కువ అడిగాడు, ఒప్పుకున్నాను. ఇంకో షరతు పెట్టాడు: తను తుడిచాక నేను ముట్టుకోకూడదు. నేను నసుగుతుంటే పై బాల్కనీలోంచి మా ఆవిడ గొంతు వినపడింది.

"ఒప్పుకోండి. ఆ బనియను ఎప్పుడో పారేశాను."