‘ఐసీ పోయింది’ సూత్రానికి సంజీవనీ వ్యాఖ్య

మూలం: “కరెంటు వస్తా ఉండాది, సౌండు రాలా, ఐసీ పోయింది, బోర్డు మార్చాల్సిందేనన్నా.”

అవతారిక: శ్రీరామనవమికో క్రిస్మస్‌కో నెల్లూరు జిల్లా కలిగిరి చుట్టుపక్కల పాటకచ్చేరి ఒప్పుకున్న బృందం ముందురోజు సాయంత్రం వాయిద్యాలు సరిచూసుకుంటుండగా, బేస్ గిటారు తగిలించిన యాంప్లిఫయరులో ఎర్రదీపం వెలిగి శబ్దం మాత్రం పుట్టకపోతే, ఆ పెట్టెను ఆటోలో వేసుకొని వచ్చిన వారితో మరమ్మతుదారు, మూతకున్న మరల్లో ఒక్కటైనా విప్పకముందే పలికే వాక్యమిది. బేస్ గిటారు అంటే మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద పలికే నాలుగు తీగల వాయిద్యం. దాని లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది కనుక అంత మంద్రాన్ని మోయగల యాంప్లిఫయరు వేరే కావలసివచ్చి, 1951లో ప్రెసిషన్ బేస్‌ను అంగడికి తెచ్చిన అమెరికావాడు లియో ఫెండరే మరుసటి ఏడాది బాస్‌మన్ అనే యాంప్లిఫయరునూ తెచ్చాడు. ఇక మూలవాక్యానికి ఒక కర్త ఉన్నాడనడానికి వీల్లేదు. వింజమూరుకు పోయినా కావలికి పోయినా పాఠంలో అక్షరం మారదు కనుక ఇది అపౌరుషేయమని, అనగా మనుషులెవరూ రచించక వేదంలాగా అనాదిగా ఉన్నదని ఒప్పుకోవలసిందే.

ప్రతిపదార్థం: ‘కరెంటు’, ‘బోర్డు’, ‘అన్నా’ అనేవి సుగమాలు కనుక విడిచిపెట్టడమైనది. ‘ఉండాది’ని ‘ఉన్నది’గా దిద్దే ఉద్దేశం వ్యాఖ్యాతకు లేదు, ప్రతాపరుద్రీయ నాటకంలో ఏ పాత్రకు తగిన భాషను ఆ పాత్రచేత పలికించిన వేదం వేంకటరాయశాస్త్రి నాటకాలు ఆడిన జిల్లా ఇది. ‘సౌండు రాలా’ అన్నది మాత్రం కఠినం. ఇక్కడ కావ్యధ్వనిని చర్చించే ధ్వన్యాలోకాన్ని లాక్కురావడం తేలికే గాని, శబ్దమనగానే అందరూ చేసే పని అదే కనుక మీమాంసను ఆశ్రయించడమైనది. మీమాంసకుల్లో కుమారిలభట్టు అనుయాయులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా, అనగా తెలుసుకునే ఆరవ సాధనంగా అంగీకరించారు. అనుపలబ్ధి అంటే దొరకకపోవడం. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదని తెలియడం దీనికి వారిచ్చే ఉదాహరణ. అయితే వారు యోగ్యత అనే షరతు కూడా పెట్టారు: ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోయినప్పుడే లేదనాలి గాని, చీకట్లో కుండ కనబడలేదని కుండే లేదనరాదు. స్పీకరు తీగ ఊడి ఉన్నదో లేదో చూడకుండా, గిటారు తీగ బాగున్నదో లేదో మార్చి చూడకుండా ‘సౌండు రాలా’ కనుక ‘ఐసీ పోయింది’ అనడం చీకట్లో చేసిన సిద్ధాంతం.

ఐసీ అంటే అనేక ట్రాన్సిస్టర్లను గోరంత ముక్కలో ఇమిడ్చిన భాగం. చిన్న యాంప్లిఫయర్లలో టీడీఏ 2030 వంటి ఒక్క ఐసీయే స్పీకరును నడుపుతుంది. పెద్ద బేస్ యాంప్లిఫయర్లలో చాలావాటికి ఆ పని చేసేది 2ఎస్‌సీ 5200, 2ఎస్‌ఏ 1943 వంటి విడి ట్రాన్సిస్టర్ల జతలు కనుక, తెరవని పెట్టెలో అసలు ఆ ఐసీ ఉన్నదో లేదో తెలియకముందే అది పోయిందనడం కుందేటి కొమ్ము విరిగిందనడమే.

విశేషం: వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టిన మహానుభావుడు కోలాచలం మల్లినాథసూరి. దుష్టవ్యాఖ్యలనే విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికే తన వ్యాఖ్య అని ఆయన చెప్పుకున్నాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కూడా మాట ఇచ్చాడు. ఈ రెండో మాటను తర్వాతి వ్యాఖ్యాతలెవరూ నిలబెట్టుకోలేదు, ఇక్కడా నిలబెట్టుకోవడం లేదు. పైన చెప్పిన వేదంవారు ఆముక్తమాల్యదకు రాసిన వ్యాఖ్య కూడా సంజీవనియే. ఆ కావ్యకర్త కృష్ణదేవరాయలు కలిగిరికి పడమటనున్న ఉదయగిరి కోటను ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి, 1515లో దానికి ఆలయం కట్టించాడు. అప్పటి గజపతి పేరు ప్రతాపరుద్రుడు; వేదంవారి నాటకంలోని ప్రతాపరుద్రుడు కాకతీయుడు కనుక ఇద్దరినీ కలపరాదు. ఏడాది దాటిన ఆ ముట్టడిలో రాయలు ‘లోపల అంతా పోయింది, కోట మార్చాల్సిందే’ అని బయట నుంచే తేల్చి వెనక్కి మరలలేదన్నదే ఇక్కడ ప్రకృతం.

అన్వయం: మూలంలో పదాలు తలకిందులుగా ఉన్నవి కనుక క్రమం మార్చి చదవాలి. వాల్యూము పెంచి స్పీకరుకు చెవి ఆనించినప్పుడు సన్నగా ‘సుయ్’మంటే స్పీకరూ, దానిని నడిపే చివరి దశా బతికే ఉన్నవి, దోషం అంతకు ముందున్నది. ఏమాత్రమూ వినబడకపోతే 8 ఓమ్‌ల స్పీకరు మీటరులో 6 దగ్గర చూపుతున్నదో లేదో చూడాలి. దీపం వెలిగినంత మాత్రాన ఫ్యూజులన్నీ బాగున్నట్టు కాదు. లోపల వేరే ఫ్యూజులు ఉండవచ్చు, అవి కంటికి బాగుండి మీటరుకు తెగి ఉండవచ్చు. ఫ్యూజు తరచుగా పోతున్నదని రాగితీగ చుట్టి పెట్టిన యజమానికి ఈ వ్యాఖ్యలో చోటు లేదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక దానిని రెసిస్టరు గుండా దించాకే చేయి పెట్టాలి. తిరిగి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలిపితే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి ఆ సంగతి చెబుతుంది.

ఇంత శ్రమకు ముందే చూడవలసినది పెట్టె వెనుకనున్నది. సెండ్, రిటర్న్ అనే రెండు జాక్‌లు చాలా బేస్ యాంప్లిఫయర్లకు ఉంటాయి. రిటర్న్ జాక్‌లో ఏమీ గుచ్చనప్పుడు దాని లోపలి సన్నని రేకు పక్క రేకును తాకుతూ, మొదటి దశలోని శబ్దాన్ని చివరి దశకు అందిస్తుంది. ఆ జాక్‌ను ఏళ్ల తరబడి ఎవరూ వాడకపోతే రేకు నల్లబడి దారి తెగుతుంది. దీపం వెలుగుతుంది, ఐసీ పదిలంగా ఉంటుంది, సౌండు రాదు. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న కేబులు కలిపినప్పుడు గిటారు పలికితే రోగం తెలిసినట్టే; కాంటాక్ట్ క్లీనరు కొట్టి ప్లగ్గును నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే సరిపోతుంది. దీనికి పట్టే సమయం బోర్డు ధర వివరించడానికి పట్టే సమయం కంటే తక్కువ. పాతకాలపు రేడియోల వెంట సర్క్యూట్ పటం వచ్చేది, ఇప్పటి పెట్టెల్లో అధికభాగం వెంట అదీ రాదు గనుక తప్పంతా మరమ్మతుదారుదే అనడం న్యాయం కాదు. కాని మరలు విప్పడానికి పటం ఎందుకో, రేకు తుడవవలసిన చోట కచ్చేరి పిల్లలు అప్పు చేసి బోర్డు ఎందుకు కొనాలో ఏ భాష్యకారుడూ చెప్పలేడు.

తాత్పర్యం: పెట్టె తెరవలేదు, తెరిచే తీరికా లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘బోర్డు మార్చాల్సిందేనన్నా’ తర్వాత ‘దానికంటే కొత్తది తీసుకోవడం మేలు’ అనే వాక్యం అదనంగా ఉన్నది. ఇది ప్రక్షిప్తం, అనగా తర్వాతివారు చొప్పించినది. కొత్త యాంప్లిఫయర్లు కూడా అమ్మే దుకాణాల ప్రతులలో మాత్రమే కనబడుతుంది.