ఉప్పు తగినంత

మా రోజుల్లో కంప్యూటర్‌కి చేతులుండేవి కావు. మనం ఏది కొడితే అది చేసేది, తప్పు కొడితే బుద్ధిగా తప్పే చేసేది. ఇప్పుడు దానికి చేతులిచ్చారు. ఇచ్చి, ఆ చేతులతో ఏం ముట్టుకోవచ్చో, ఏం ముట్టుకోకూడదో కాగితం రాసి పెడుతున్నారు. ఆ రాయడమే మా మేనల్లుడి ఉద్యోగంలో సగం.

వాడు బెంగళూరు బెళ్ళందూరులో ఓ గేమ్ స్టూడియోలో పనిచేస్తాడు. మొన్న ఆదివారం మా మారతహళ్ళి ఇంటికి భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే ల్యాప్‌టాప్ తెరిచాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏమైందిరా?"

"ఏఐ ఏజెంట్ ఫైల్ తుడిచేసింది మామయ్యా."

వాళ్ళ ఆటలో ఓ ముసలమ్మ పాత్ర. ఆమె మాటలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, రెండొందలకు పైనే. ఇంకో మాట చేర్చమని వీడు ఏజెంట్‌కి చెప్పాడు. దాని చేతికిచ్చిన పనిముట్టు పేరు 'రైట్ ఫైల్'. వివరణ ఒక్క ముక్క: 'ఫైల్‌లో రాస్తుంది'. అది రాసింది. పాత రెండొందలూ పోయి కొత్తదొక్కటే మిగిలింది. పైగా 'చేర్చాను' అని చక్కగా జవాబు కూడా ఇచ్చిందట. పాత కూర్పులు దాచిపెట్టే గిట్‌లో కాపీ ఉంది కాబట్టి సరిపోయింది.

నాకు నవ్వాగలేదు. 1991లో నెల్లూరు నుంచి ఈ ఊరొచ్చి ఉద్యోగంలో చేరిన నెలకే అచ్చం ఇదే పని చేశాను. సీ భాషలో ఫైల్ తెరవడానికి 'ఎఫ్‌ఓపెన్' అని ఉంది. 'ఏ' అక్షరం ఇస్తే ఉన్నదాని చివర చేరుస్తుంది. 'డబ్ల్యూ' ఇస్తే ముందు ఉన్నదంతా ఊడ్చేసి అప్పుడు రాస్తుంది. నేను 'డబ్ల్యూ' కొట్టాను. మూడు నెలల స్టాకు లెక్కలు హరీమన్నాయి. మా సీనియర్ తిట్టలేదు. అవెన్యూ రోడ్డులో సెకండ్‌హ్యాండుకి కొన్న కెర్నిఘన్, రిచీల సీ పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి నా ముందు పెట్టి, టీకి వెళ్ళిపోయాడు. పాతదంతా పోతుందని అందులో ఒకే ఒక్క వాక్యం. చదవనిది నేను.

నాకు రాసిపెట్టి ఉంది, ఏజెంట్‌కి లేదు. అదీ తేడా. యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. ఆ మాన్యువల్ పేజీల్లో కింద 'బగ్స్' అని ఓ విభాగం పెట్టి, తమ లోపాలు తామే చెప్పుకునేవాళ్ళు. పొడిపొడిగానే రాసేవాళ్ళు గానీ ప్రమాదం దాచేవాళ్ళు కారు. ఆ తర్వాత మా ఆఫీసుల్లో ఎవడూ ఏమీ రాయలేదు. 'కోడ్ చూసుకో' అనేవాళ్ళు. పక్క సీటువాణ్ణి అడిగి బతికాం.

  

2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్ళు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అని, ఏజెంట్లకి పనిముట్లిచ్చే పద్ధతి ఒకటి బయటపెట్టారట. అందులో ప్రతి పనిముట్టుకీ ఒక పేరు, ఒక వివరణ, ఏమేం ఇవ్వాలో ఒక పట్టిక ఉంటాయి. ఏజెంట్‌కి తెలిసేది అంతే. పక్క సీటు లేదు దానికి. తెలియకపోతే ఊహిస్తుంది, ఊహించి చేసేస్తుంది.

భోజనమయ్యాక వాడు ఆ వివరణ మళ్ళీ రాశాడు. ఫైల్ ఉంటే పూర్తిగా తుడిచి రాస్తుంది, చేర్చాలంటే ముందు చదివి మొత్తం తిరిగి ఇవ్వాలి. దారి ప్రాజెక్టు మొదలు నుంచే ఇవ్వాలి, ఫోల్డర్ లేకపోతే తయారు చెయ్యదు. వాళ్ళు ఆట తయారుచేసే యూనిటీలో ప్రతి ఫైల్ పక్కనా ఓ మెటా ఫైల్ ఉంటుంది, అందులోనే దాని గుర్తింపు సంఖ్య. అది పోతే బొమ్మకీ సీనుకీ లంకె తెగుతుంది కాబట్టి మెటా జోలికి పోవద్దు. పని జరగకపోతే ఉత్త 'ఎర్రర్' అనకుండా, ఏ ఫోల్డర్ దొరకలేదో పేరు చెప్పాలి. చివర్న, ఎంత రాసిందో అంకె చెప్తుంది.

"అంకె అంటే బైట్లా, అక్షరాలా?" అన్నాను.

వాడు ఆగిపోయాడు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ. నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. చూసేవాడికి రెండక్షరాలే. ముసలమ్మ మాట్లాడేది తెలుగు మరి. వాడు కిక్కురుమనకుండా 'బైట్లలో' అని చేర్చాడు.

ఇంత వివరంగా మాకెవడు రాసిచ్చాడు? కొత్తగా చేరిన పిల్లలకి ఇప్పటికీ ఎవరూ రాసివ్వరు, మిషన్‌కైతే రాస్తారు. ఆ మాటే అంటే వాడు, "ఆ పిల్లలూ ఇప్పుడు ఇదే చదువుకుంటున్నారు మామయ్యా" అని నా నోరు మూయించాడు.

వెళ్తూ ఆవకాయ కొలతలు కావాలన్నాడు. మా ఆవిడ చెప్తుంటే ఎప్పుడో నేనే రాసిపెట్టిన కాగితం ఉంటే తీసిచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు.

"ఉప్పు తగినంత అంటే ఎంత మామయ్యా?"

"మీ అత్తయ్యనడుగు," అన్నాను.