ఉప్పుగాలి పద్యం: టీకా తాత్పర్యం

మూలం (తేటగీతి)

ఉప్పుగాలికి నినుమెల్ల తుప్పుపట్టు;
పాత బుల్లెట్టు బండిని బాగుచేసి
కిక్కు కొట్టుచు వారాని కొక్కమారు
తుడిచి నూనెను రాచెడి దొరకె దక్కు.

అవతారిక

పాత మోటారుసైకిలును సరదా కొద్దీ బాగుచేసి, చేసినదాన్ని చెడకుండా నిలుపుకోవడం ఈ పద్యానికి విషయం. బండి కదలడం ప్రయోజనం. బండికీ, కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పాడ గాలికీ ఉన్న వైరం సంబంధం. ఇక అధికారి. అధికారి అంటే ఇక్కడ రవాణా శాఖవారు కాదు; వారి ప్రస్తావన చివర వస్తుంది. ఈ శాస్త్రం చదవడానికి అర్హుడని అర్థం. గోళ్ల కింద మడ్డి చేరితే నొచ్చుకోనివాడు, ఇంట్లో ఒక వసారాను బండికి వదిలేయగలవాడు, ఆదివారం పూట పడే పెళ్లిళ్లకు ఇంట్లోవాళ్లను పంపి తాను తప్పుకోగలవాడు అధికారి. మిగిలినవారు కొత్త బండి కొనుక్కోవచ్చు, శాస్త్రం అడ్డు చెప్పదు.

మూలంలో లేనిది రాయకూడదని మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు నియమం పెట్టుకున్నాడు. ఈ టీక కూడా ఆ దారినే పోతుంది, కార్బురేటరు దగ్గర తప్ప. పద్యంలో ఆ మాట లేదు, బండిలో ఉంది.

ప్రతిపదార్థం

ఉప్పుగాలికిన్ = సముద్రపు తేమగాలి తగలడం చేత; ఇనుము ఎల్లన్ = ఇనుముతో చేసినదంతా; తుప్పుపట్టున్ = తుప్పు పడుతుంది; (కనుక) పాత = వయసు మీరిన; బుల్లెట్టు బండిని = ఆ పేరుగల మోటారుసైకిలును; బాగుచేసి = విప్పి, కడిగి, మార్చవలసినవి మార్చి, మళ్లీ బిగించి; వారానికి ఒక్కమారు = ఏడు రోజులకు ఒకసారి తప్పకుండా; కిక్కు కొట్టుచున్ = కాలితో తన్ని ఇంజను నడుపుతూ; తుడిచి = ఉప్పు పోయేలా తుడిచి; నూనెను రాచెడి = పల్చగా నూనె పట్టించే; దొరకె = యజమానికి మాత్రమే; దక్కున్ = దక్కుతుంది.

ఏది దక్కుతుందో కవి చెప్పలేదు. ఆ గొడవ చివర తేలుతుంది.

తాత్పర్యం

సముద్రపు ఒడ్డున ఇనుము తనంత తాను నిలవదు. బండిని బాగుచేయడం ఒకసారి పని, నిలుపుకోవడం వారం వారం పని. రెండోది చేసేవాడికే మొదటిది ఫలిస్తుంది. కవి ‘బాగుచేసి’ అని ముగిసిన పనిగానూ, ‘కొట్టుచు’ అని ముగియని పనిగానూ చెప్పడంలో ఆంతర్యం ఇదే.

విశేషాలు

ఉప్పుగాలికి: ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డును ఏళ్ల తరబడి కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి, నేల పోయింది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు కాకినాడ–ఉప్పాడ బీచ్‌రోడ్డు దెబ్బతింటుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. అల ఆ రాళ్లకు కొట్టుకున్నప్పుడు లేచే తుంపర ఆరి, సన్నని ఉప్పురేణువులుగా ఊళ్లోకి వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ రేణువు తేమను పీల్చుకుని కరిగి, ఇనుము మీద కంటికి ఆనని ఉప్పునీటి పొర అవుతుంది. తీరాన రాత్రిళ్లు ఆ మాత్రం తేమ మామూలే. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు; నీటిలో ఉప్పు కూడా ఉంటే అందులో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి అదే తుప్పు తొందరగా వస్తుంది.

ఇక్కడ ఒక విరోధాభాసం ఉంది. వానలో నిలబడ్డ బండి కన్నా చూరు కింద వాన తగలకుండా, గాలి మాత్రం తగిలేలా పెట్టిన బండి కొన్నిసార్లు ముందు చెడుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది, చూరు కడగదు. టార్పాలిను కప్పి కట్టేస్తే ఇంకా తప్పు, లోపల చేరిన తేమ బయటికి పోదు. గాలికి ఎదురుగా గోడ ఉన్న గది, నూలు దుప్పటి కప్పు మేలు.

ఇనుమెల్ల: పూర్వపక్షం ఏమంటే, బుల్లెట్టులో అంతా ఇనుము కాదు, క్రాంక్‌కేసు అల్యూమినియం, తీగలు రాగి, సైలెన్సర్ మీద క్రోము, కనుక ఈ లక్షణానికి అవ్యాప్తి దోషం పట్టిందని. సమాధానం: అల్యూమినియంలో బిగించిన ఉక్కు బోల్టు చుట్టూ ఉప్పునీరు చేరితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అల్యూమినియం తెల్లపొడి అయిపోతుంది, బోల్టు పట్టేస్తుంది. క్రోము పూతలో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి, తుప్పు ఆ పూత కిందినుంచి పొక్కులా లేస్తుంది. రాగితీగ పచ్చబడి హెడ్‌లైటు మిణుకుమంటుంది. కాబట్టి ‘ఇనుము’ ఉపలక్షణం. బండి మొత్తం అని చెప్పుకోవాలి.

బుల్లెట్టు: ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1930ల మొదట్లో పెట్టిన పేరు ఇది. 1950ల మొదట్లో భారత సైన్యం 350 సీసీ బుల్లెట్లు 800 కావాలంది. దాంతో 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరు కార్ఖానాలో బండ్లు తయారయ్యాయి. ఇంగ్లండులోని అసలు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది. మద్రాసులో పని ఆగలేదు. పైగా 1977లో మద్రాసు బండ్లు ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి.

ఇంజను ఒకే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. సిలిండరు పోతఇనుము. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బండి అలవాటుతో ఎక్కినవాడు బ్రేకు అనుకుని గేరు తొక్కుతాడు. దశాబ్దాల పాటు ఈ ఇంజను స్వరూపం పెద్దగా మారలేదు. అందుకే విడిభాగాలు ఇంకా దొరుకుతాయి, ఊరి మేస్త్రీకి కూడా లోపలి సంగతి తెలుసు. సరదాకు కొత్తగా దిగేవారికి బుల్లెట్టే తగినదని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇదీ ఉపలక్షణమే. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా చేసిన జావా, ఎజ్డీలకూ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్‌కూ, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100కూ పద్యం వర్తిస్తుంది. జావాలో కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. ఇవన్నీ టూస్ట్రోకులు, పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగుతాయి గనుక ‘నూనె’ అనే మాట వీటికి రెండింతలు చెల్లుతుంది.

బాగుచేసి: ఈ ఒక్క మాటలో ఆరు నెలల పని దాగి ఉంది. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీయాలి, ఒక్కో చోటి బోల్టులను ఒక్కో డబ్బాలో వేసి పేరు రాయాలి. ఇది చేయనివాడికి చివర పిడికెడు బోల్టులు మిగులుతాయి. బండి మటుకు కదులుతుంది, అదే భయం. కిరసనాయిలుతో కడిగాక ఇంజను చూడాలి. సిలిండరు అరిగితే లేత్ మిషను దగ్గర బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్, రింగులు వేయాలి. వైరింగు పాతదాన్ని అతకడం కన్నా మొత్తం కొత్తది వేయడం మంచిది, ఉప్పు తిన్న తీగకు ఎక్కడ అతికినా పక్కనే తెగుతుంది. ప్లాటినం పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. రంగు అన్నిటికన్నా చివర. ఉప్పు తెచ్చిన తుప్పును గీకడానికి వాడేది కూడా ఉప్పు కాగితమే కావడం యాదృచ్ఛికం.

విడిభాగాల వేట వేరే ప్రకరణం. తుఫాను వెళ్లాక ఉప్పాడ ఒడ్డున బంగారపు రేణువుల కోసం ఇసుక వెతికేవారిని చూసినవారికి విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై పుదుపేటలో పాత సామాను గుట్టల ముందు కూర్చున్న బుల్లెట్టు యజమాని కొత్తగా కనిపించడు. అసలు హెడ్‌లైటు కేసింగు దొరికితే అతని ముఖంలో వెలిగేది కూడా ఆ బంగారమే.

రంగు విషయంలో రెండు మతాలు. పాత రంగు, గీతలు, సొట్టలు బండి వయసుకు సాక్ష్యం కనుక ముట్టుకోరాదని ఒక మతం. ట్యాంకు మీద బంగారు గీతలతో సహా కార్ఖానా నుంచి వచ్చినట్టు చేయాలని రెండోది. మొదటి మతం అనంతపురంలో చెల్లుతుంది, అక్కడి గాలి పొడి. ఉప్పాడలో రంగు లేచిన చోటును గౌరవిస్తూ కూర్చుంటే రెండు వానాకాలాల్లో మడ్గాడు జల్లెడ అవుతుంది.

కిక్కు కొట్టుచు: పాత బుల్లెట్టు బలానికి లొంగదు. తాళం తిప్పి, ఆమీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు రాడ్డును మెల్లగా నొక్కాలి. పాయింట్లు విడివడ్డాయనీ, పిస్టన్ పైకి చేరుతోందనీ దానికి గుర్తు. అప్పుడు డీకంప్రెషర్ లివరు పట్టి పిస్టన్‌ను కొంచెం అవతలికి దాటించి, లివరు వదిలి, రాడ్డును పైకి రానిచ్చి, ఒక్కటే తన్ను. ఈ క్రమం తప్పి, టైమింగు కూడా ముందుకు జరిగి ఉంటే రాడ్డు వెనక్కి తంతుంది. పిక్క మీద మచ్చ బుల్లెట్టు వాళ్లను గుర్తుపట్టడానికి పనికొస్తుంది.

‘కిక్కు కొట్టియు’ అని పాఠాంతరం. అది గ్రాహ్యం కాదు. కొట్టి, రెండు నిమిషాలు డబడబలాడించి ఆపేయడం బండికి కీడు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. సైలెన్సర్ వేడెక్కకముందే ఇంజను ఆపితే ఆ ఆవిరి లోపలే చల్లబడి, బయటి గాలి చేసే పనిని లోపలినుంచి చేస్తుంది. ‘కొట్టుచు’ అంటే ఇంజను బాగా కాగేదాకా నడపడం. దిక్కు కూడా ముఖ్యం. బీచ్‌రోడ్డు మీద కాకినాడ వైపు పోతే తుంపర తిని రావడమే. పిఠాపురం వైపు లోపలికి పోయి, వీలైతే కుక్కుటేశ్వరుణ్ణి చూసుకుని రావడం రెండు విధాలా క్షేమం.

వారానికొక్కమారు: ఇక్కడే కార్బురేటరు. నెలల తరబడి నిలిపిన బండిలో దాని గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగిలి, జెట్టు మూసుకుంటుంది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇలా తేమను లాక్కునే పెట్రోలుకు ఉప్పాడ గాలి తోడైతే ట్యాంకు అడుగున తుప్పు. ఊరు వెళ్లవలసివస్తే పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, గిన్నె ఖాళీ చేయడం ఆపద్ధర్మం.

తుడిచి: నూనె కన్నా ముందు తుడవడం చెప్పడం వల్ల ఈ వరుస తప్పరాదని సూచన. ఉప్పు మీద నూనె రాస్తే ఉప్పును దాచిపెట్టినట్టే. ముందు మంచినీళ్లతో కడగాలి, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట వాటితో కడగడం వ్యర్థం. గుడ్డ మెత్తని పాత నూలుదై ఉండాలి. ఊరు 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జాందానీ చీరలకు పేరు కదా అని ఇంట్లో చేతికందిన చీర ముక్కతో తుడిస్తే తర్వాత బాగుచేయవలసింది బండిని కాదు.

నూనెను: ఇంజనాయిలుగానీ, తుప్పు రాకుండా కొట్టే స్ప్రేగానీ పల్చని పొరగా. కోనసీమ దగ్గరే కదా అని కొబ్బరినూనె రాసేవారు లేకపోలేదు. చిక్కగా రాస్తే ఏ నూనెకైనా ఇసుక అంటుకుంటుంది, చెయిన్ మీద నూనె ఇసుక కలిసి పళ్లు అరగదీసే ముద్ద అవుతుంది. బ్యాటరీ మొనలకు వాజెలిన్. బ్రేకు డ్రమ్ములోకి మాత్రం చుక్క పోకూడదు. ఈ నియమానికి అక్కడ అతివ్యాప్తి చెప్పుకుంటే ఆసుపత్రి పాలవుతారు.

దొర: ‘రాచెడి’ అన్నాడు గానీ ‘రాయించెడి’ అనలేదు. క్రియ ప్రేరణార్థకం కాదు కనుక నౌకరుతో చేయించేవాడు ఇక్కడ దొర కాడు. షెడ్డులో ఇచ్చి డబ్బు కట్టి తెచ్చుకునేవారిని గురించి పద్యం మౌనం వహించింది.

దక్కు: కర్త లేని ఈ క్రియకు మూడు అన్వయాలు. వెన్నునొప్పీ ఇంట్లో మాటలూ దక్కుతాయని ఒక పక్షం. అనుభవానికి సరిపోతుంది గానీ శాస్త్రానికి సరిపోదు. పాతబడేకొద్దీ బండి ధర పెరుగుతుంది గనుక లాభం దక్కుతుందని మరో పక్షం. పెట్టిన ఖర్చు లెక్క రాసుకున్నవారెవరూ ఈ పక్షంలో లేరు. బండే దక్కుతుందని సిద్ధాంతం. రెండో పాదంలో బండిని చెప్పి, నాలుగో పాదంలో ఇంకొకదాన్ని ఊహించడం అనవసరం.

అయితే దక్కడమంటే చట్టప్రకారం దక్కడం కూడా. మామూలు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషను తెచ్చింది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000; గడువు పదేళ్లు; నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. అలా రిజిస్టరైన బండిని రోజూ తిప్పరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించవచ్చు. వారానికొకసారి పెట్రోలు బంకుకు పోయి రావడానికి దానిలో తావుంది.

కొనేటప్పుడే ఇంజను మీదా ఫ్రేము మీదా కొట్టిన నంబర్లను ఆర్‌సీ పుస్తకంలో ఉన్నవాటితో సరిచూసుకోవాలి. అవి కలవని బండికి పై టీక అంతా చేసినా రిజిస్ట్రేషను దక్కదు.