పాటకి రూపాయి

మొన్న వైశాఖంలో మా పెద్ద మనవరాలి పెళ్ళి చేశాం. డీజే పెడతామని కుర్రాళ్ళు ఎగిరారు గానీ, నేను ససేమిరా అని సన్నాయి మేళం పెట్టించాను. ఆ పెళ్ళిలో చెల్లిన నా మాట అదొక్కటే. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి సన్నాయి ఆయన త్యాగరాజస్వామి కీర్తన ఎత్తుకున్నాడు. పందిట్లో కబుర్లు కూడా ఆగాయి. ఆ వీడియోని మా చిన్న మనవరాలు నెట్‌లో పెట్టింది. తెల్లారి చూస్తే బొమ్మ ఆడుతోంది, మోత లేదు. పురోహితుడు నోరు ఆడిస్తున్నాడు, అక్షింతలు పడుతున్నాయి, అంతా మూకీ సినిమా. ఏమిటే ఇది అంటే, ఈ సంగీతం మీద హక్కులు మావి అని ఏదో మ్యూజిక్ కంపెనీ తరఫున నోటీసు వచ్చిందిట.

త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847లో. ఆయన కీర్తన మీద ఇప్పుడు హక్కు పుట్టించుకున్న పెద్దమనిషి ఎవడా అని నాకు ఒళ్ళు మండింది.

మా చిన్నది లా చదువుతోంది. "కీర్తన ఎవరి సొత్తూ కాదు తాతయ్యా. దాన్ని ఎవరైనా వాయించి రికార్డు చేస్తే మాత్రం ఆ రికార్డు మీద 60 ఏళ్ళు హక్కుంటుంది. ఆ కంపెనీ దగ్గర ఎవరో విద్వాంసుడి రికార్డుంది. మనదీ అదేననుకుంది మిషను" అంది. అంటే మా సన్నాయి ఆయన అంత శుద్ధంగా వాయించాడన్నమాట! ఫోన్ చేసి చెబితే పొంగిపోయాడు పాపం. ఇది మా మేళమేనని చిన్నది జవాబు పంపితే మూడు వారాలకి మోత తిరిగొచ్చింది. ఈలోగా చూడాల్సిన చుట్టాలంతా మూకీయే చూసేశారు.

ఊరేగింపు వీడియో సంగతి వేరు. అందులో బ్యాండు వాళ్ళు సినిమా పాట వాయించారు. పెళ్ళి ఊరేగింపులోనూ, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లోనూ పాట వాయించుకుంటే అది కాపీరైటు ఉల్లంఘన కిందకి రాదని చట్టంలోనే రాసుందిట. సంతోషం. కానీ వాయించినదాన్ని లోకమంతా చూసేలా నెట్‌లో పెట్టడం పెళ్ళి తంతు కాదుట. మరి ఈ రోజుల్లో అది లేని పెళ్ళి ఒక్కటి చూపించమనండి.

మా రోజుల్లో ఈ గొడవలెక్కడివి! 1979లో తెనాలి బోసు రోడ్డులో నేను రికార్డింగ్ షాపు పెట్టాను. రెండు డెక్కులు, ఒక రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, మద్రాసు నుంచి తెప్పించిన ఎల్పీలు గోడకి వరసగా. కుర్రాళ్ళు నోటు పుస్తకంలోంచి కాగితం చింపి పాటల చిట్టా రాసుకొచ్చేవారు. పాటకి రూపాయి, క్యాసెట్ ఖరీదు వేరు. అరవై క్యాసెట్ అంటే పక్కకి అరగంట. ఏడు పాటలు హాయిగా పడతాయి, ఎనిమిదోది చరణం మధ్యలో తెగుతుంది. తెగకుండా ఏ పాట ఎన్ని నిమిషాలో లెక్కగట్టి సర్దడంలోనే ఉండేది మా పనితనమంతా. అట్ట మీద పాటల పేర్లు గుండ్రటి అక్షరాలతో నేనే రాసేవాణ్ణి. ఆఖర్న క్యాసెట్ నెత్తిన ఉండే బుల్లి ప్లాస్టిక్ ముక్కని స్క్రూడ్రైవరుతో పుటుక్కున విరిచేస్తే దాని మీద ఇంకోటి ఎక్కదు. ఆ బెజ్జం మీద కాగితం అంటించి మళ్ళీ రికార్డు చేసుకునే ఘనులూ ఉండేవారనుకోండి.

అన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి, ఈ పాటలు అమ్ముకోమని నీకెవరు చెప్పారయ్యా అని అడిగిన పాపాన పోలేదు. నాకూ అడగాలని తోచలేదు. ఎల్పీ నేను డబ్బు పెట్టి కొన్నాను, కరెంటు బిల్లు నేను కడుతున్నాను, ఇంకెవరికి చెప్పాలి?

చిన్నదాని లెక్క ప్రకారం నా బుర్ర తిరుగుడంతా అక్కడే ఉంది. ఎల్పీ కొంటే రేకు నాదవుతుంది, పాట నాది కాదు. కాపీరైటు చట్టం 1957 నాటిది, 1958 జనవరి నుంచి అమల్లో ఉంది. అంటే నేను షాపు తెరిచేనాటికే దానికి ఇరవై ఒక్క ఏళ్ళు. బోసు రోడ్డు దాకా నడిచి రాలేదు, అంతే. 1984లో శిక్షలు గట్టిచేశారు. ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. తయారుచేసినవాడి పేరూ చిరునామా క్యాసెట్ అట్ట మీద వేసి తీరాలన్నారు. మా బజారులో ఒక్క డెక్కూ ఆగలేదు. నా గుండ్రటి అక్షరాల్లో పాటల పేర్లే ఉండేవి, నా పేరు ఉండేది కాదు. అది తెలివితేటలని అప్పట్లో అనుకోలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే అలాగే ఉంది.

పోనీ, హక్కు ఎన్నాళ్ళుంటుందో అదైనా తిన్నగా చెబుతారా అంటే అదీ లేదు. రాసినవాడు పోయిన ఏడు దాటాక 60 ఏళ్ళు. ముందు 50 ఉండేది. 1941లో పోయిన టాగూరు రచనల గడువు 1991తో తీరిపోతోందని పది కలిపారు. గురజాడ 1915లో పోయారు కనక కన్యాశుల్కం ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు కనక 2043 ఆఖరు దాకా అడగాల్సిందే. సినిమాకి మాత్రం మనిషి చావుతో పని లేదు, విడుదలైన ఏడు నుంచి లెక్క. మా షాపులో ఎక్కువగా అడిగిన పాటలు మాయాబజార్‌వి. అది 1957లో వచ్చింది కనక సినిమాగా దాని గడువు 2017తో తీరింది. అమ్మయ్య అనుకునేలోపు చిన్నది ఆపింది. పాటల్లోని మాటలు పింగళి నాగేంద్రరావుగారివి, ఆయన 1971లో పోయారు, మాటల గడువు 2031 దాకా ఉందిట. బాణీ లెక్క మళ్ళీ వేరు. ఒక్క పాటలో ఇన్ని వాటాలా! మా నాన్న నలుగురు కొడుకులకి రెండెకరాలు పంచినప్పుడు కూడా ఇంత తిరకాసు లేదు.

సరే, వాటాలున్నాయి కదా, మరి రాసినవాళ్ళకి డబ్బు ముట్టిందా అంటే ఆ కథ ఇంకోటి. నిర్మాత డబ్బిచ్చి రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. పాట రేడియోలో మోగినా, హోటల్లో మోగినా కవిగారికి ఒరిగేదేమీ లేదు. 2012లో గానీ చట్టం మార్చలేదు. ఇప్పుడు సినిమా హాల్లో తప్ప బయట పాట వాడినప్పుడల్లా రాసినవాడికీ, బాణీ కట్టినవాడికీ వాటా రావాలి, ఆ వాటాని వాళ్ళు ముందే రాసిచ్చేద్దామన్నా చెల్లదు. అంటే అంతకుముందు రాసినవాడి కడుపు కొట్టింది నేనొక్కణ్ణే కాదన్నమాట. ఈ మాట పట్టుకుని చాలాసేపు వాదించాను. చిన్నది నవ్వి ఊరుకుంది.

అప్పట్లో హక్కులు కాపాడుకునే పద్ధతులు మాకు లేకపోలేదు. నా షాపు ఎదురుగా ఒక మిఠాయి కొట్టు ఉండేది. 'మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు' అని ఎర్ర అక్షరాలతో బోర్డు. ఆర్నెల్లకి పక్క సందులో ఇంకో కొట్టు వెలిసింది, అదే పేరుకి ముందు 'అసలు' తగిలించి. దాంతో ఈయన తన బోర్డు మీద 'పాత అసలు' అని రాయించాడు. పళ్ళపొడి పొట్లం మీద 'నకిలీలను చూసి మోసపోకండి' అని అచ్చు వేసేవారు. ఆ హెచ్చరికతో సహా నకిలీ దిగేది! ఇప్పుడు పేరు రిజిస్టరు చేయించుకుంటే ట్రేడ్‌మార్కు, పదేళ్ళకోసారి రుసుము కడుతూ పోతే ఎన్ని తరాలైనా మనదే. వస్తువు కనిపెట్టినవాడి పేటెంటుకి 20 ఏళ్ళే. మన పసుపు గాయాలు మానుస్తుందని అమెరికాలో 1995లో ఒక పేటెంటు పుచ్చుకుంటే, మన సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు మోసుకెళ్ళి చూపించి 1997లో రద్దు చేయించారు. మా బామ్మని పిలిచి ఉంటే అంత దాకా వచ్చేది కాదు. ఊరి పేరుకీ ఇప్పుడు హక్కుంది, బందరు లడ్డుకీ బంగినపల్లి మామిడికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. బందరు లడ్డు తెనాలిలో చేసి బందరు లడ్డు అని అమ్మకూడదుట. మా ఎదురు కొట్టాయన ఇది వినకుండానే పోయాడు, అదృష్టవంతుడు.

ఇన్ని చెప్పినా చిన్నదానికి చెప్పకుండా దాచిన సంగతొకటి నా దగ్గర ఉండేది. ఆమధ్య అటక సర్దుతుంటే ఆ క్యాసెట్లు బయటపడేసరికి చెప్పక తప్పలేదు.

1983 శ్రీరామనవమి పందిట్లో రేపల్లె వైపు నుంచి ఒక దాసుగారు వచ్చి మార్కండేయ చరిత్ర హరికథ చెప్పారు. తన కథలు తనే రాసుకుంటారని, పెట్టె నిండా బైండు పుస్తకాలున్నాయని చెప్పుకునేవారు. మైకు సెట్టువాడు నా స్నేహితుడు. వాడి ఆంప్లిఫయరు నుంచి ఒక వైరు లాగి నా డెక్కుకి తగిలించుకున్నాను. మూడు గంటల కథ, తొంభై క్యాసెట్లు రెండు పట్టాయి. ఆ వేసవిలో నలభై జతల పైన అమ్మాను.

ఒక మధ్యాహ్నం కొట్టుకి ఎవరో పెద్దాయన వచ్చాడు. మామూలు చొక్కా, చంకలో గొడుగు. "మార్కండేయ హరికథ ఉందిట కదా నాయనా" అన్నాడు. డెక్కులో పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని వింటూ, ఒక చోట చెయ్యెత్తి, "ఇదిగో ఇక్కడ, ఆ రోజు గొంతు పట్టేసింది" అన్నారు. పట్టుబట్టలు, చిడతలు, మెళ్ళో దండ లేకపోయేసరికి అప్పటిదాకా ఆనవాలు పట్టలేదు నేను. లేచి నిలబడ్డాను. ఆయన జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. వద్దండీ అన్నాను. "నీ క్యాసెట్ ఖరీదు నువ్వు తీసుకో నాయనా" అన్నారు. ఆ 'నీ' అన్నది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వెళ్ళబోతూ, ఎన్ని పోయాయని అడిగారు. పది దాకా పోయాయండీ అన్నాను.

ఇదంతా విని చిన్నది కోప్పడుతుందనుకున్నాను. చట్టం తీసింది. గాయకులకీ నటులకీ తమ ప్రదర్శన మీద హక్కు మన చట్టంలోకి వచ్చింది 1994 సవరణతో. కాబట్టి 1983లో ఆయన గొంతు పట్టుకున్నందుకు నా మీద కేసు లేదు. మార్కండేయుడి కథ పురాణానిది, ఎవరైనా చెప్పుకోవచ్చు. ఒక ఇతివృత్తం ఒకరి సొత్తు కాదని, దాన్ని చెప్పిన తీరుకే కాపీరైటని 1978లో సుప్రీంకోర్టే అంది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. "కానీ ఆ మాటలూ పద్యాలూ ఆయన పుస్తకంలో రాసుకున్నవి కదా తాతయ్యా? అవి ఆయనవి. అడక్కుండా పట్టిన రికార్డుకి అసలు హక్కే పుట్టదు, నీకు కూడా" అంది. దాసుగారు పోయింది 1998లో. 2058 దాకా ఆ కుటుంబానిదే.

ఆ హరికథని నెట్‌లో పెడితే నలుగురూ వింటారని చిన్నదాని ఉబలాటం. నేను వాళ్ళని అడగందే వీల్లేదన్నాను. ఇలా నేనే అంటానని నేనెప్పుడూ అనుకోలేదు. రేపల్లెలో తెలిసినవాళ్ళని పట్టుకుని ఆయన కొడుకు నంబరు సంపాదించాం. ఆయనా రిటైరైన మనిషే. సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తండ్రి కొనితెచ్చిన జత ఏనాడో బూజు పట్టి పోయిందిట. ఆయన గొంతు ఇంట్లో ఇంకెక్కడా లేదుట. నెట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకొక కాపీ ఇస్తారా, ఎంతవుతుందండీ అని అడిగాడు.

నలభై జతల మాట ఫోన్లో ఎత్తలేదు నేను. కాపీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చెబుదామని ఉంది. అదైనా డెక్కు తిరిగితే కదా. బెల్టు సాగిపోయింది, క్యాసెట్ పెడితే దాసుగారు దెయ్యంలా మూలుగుతున్నారు. తెనాలంతా తిరిగాను, ఆ బెల్టంటే ఏమిటో తెలిసిన కుర్రాడు దొరకలేదు. గుంటూరులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన ఉన్నాడంటున్నారు, ఆదివారం వెళ్ళాలి.