లేని బోర్డు కాలిపోయింది

జనగామలో డ్రయర్ ఆగిందని మెకానిక్‌కు ఫోన్ చేసి చూడండి. బండి స్టాండు వేస్తూనే తీర్పు చెప్పేస్తాడు: "బోర్డు వోయిందక్కా. గిది బాగుచేసుడు దండుగ, కొత్తది తీస్కోండ్రి." మూత ఎత్తి చూడడు, ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడడు. గుమ్మం కూడా దాటడు.

తమాషా ఏమిటంటే, మన ఇళ్లలో డ్రయర్ అంటే చాలామటుకు రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మిషన్‌లో బట్టలు పిండే తొట్టి. అలాంటి మిషన్లలో చాలావాటికి అసలు బోర్డే ఉండదు. చేత్తో తిప్పే టైమర్లు, ఉతకడానికో మోటారు, పిండడానికో మోటారు. లేని బోర్డు ఎట్లా కాలిందయ్యా అంటే, "లోపటుంటదక్కా, మనకు కనవడది" అంటాడు. దేవుడి గురించి చెప్పే అయ్యగార్లు కూడా ఇదే మాట అంటారు గానీ, వాళ్లు కథంతా చెప్పాకే దక్షిణ అడుగుతారు. ఈయనకు విజిటింగ్ చార్జీ ముందే చేతిలో పడాలి.

నిజానికి ఆ పిండే తొట్టి దాపరికం తెలియని జీవి. ఎక్కడ నొప్పో తనే చెబుతుంది. మీట తిప్పినా ఉలుకూ పలుకూ లేదంటే ముందు చూడాల్సింది మూత. దాని దగ్గరే చిన్న స్విచ్ ఉంటుంది. మూత సరిగ్గా కూర్చోకపోతే అది కరెంటు పోనివ్వదు. అదీ బాగుంటే అప్పుడు టైమర్‌ను అనుమానించాలి. గుర్రుమంటూ తిరగకపోతే మోటారుకు కరెంటు అందుతున్నట్టే, దాన్ని ఏదో కదలనివ్వడం లేదు, లేదా ఊతం చాలడం లేదు. బుట్టకీ బయటి తొట్టికీ మధ్య సందులో పిల్లాడి సాక్సు ఇరుక్కుని ఉండవచ్చు. మూత వేస్తే ఒక తీగ బిగిసి బ్రేకును వదిలిస్తుంది. ఆ తీగ సాగినా తెగినా బ్రేకు పట్టిన పట్టు విడవదు. ఇవేవీ కాకపోతే కెపాసిటర్. వెనక రేకు విప్పితే కనిపించే చిన్న డబ్బా అది, ఒక్కోసారి పొట్ట ఉబ్బి మరీ కనిపిస్తుంది. ఖరీదు రెండు మూడు వందల లోపే. (ప్లగ్ పీకాక కూడా అందులో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, కాబట్టి దాని జోలికి తెలిసినవాళ్లే వెళ్లాలి.) కింద నీళ్లు కారితే రబ్బరు సీలు. మిషన్ గదంతా చిందులు తొక్కితే దానికి పార్టు కూడా అక్కర్లేదు, తడి దుప్పటి ఒక పక్కకే చేరింది, సర్దితే సరి.

ఇంత చిట్టాలో ఎక్కడా పదివేల రూపాయల జబ్బు కనపడదు. అసలు చిక్కంతా అక్కడే.

చెప్పిన జబ్బు నమ్మకపోతే రెండో మంత్రం సిద్ధంగా ఉంటుంది: "పార్టు దొర్కదు." ఈ మాట ఎక్కడ అంటున్నాడో గుర్తుందా? ఊరు దాటితే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడి రేకును సుత్తితో కొట్టి గుడి తలుపులకు తాపడాలు చేస్తున్న ఊరు. దాని పక్కన నిలబడి, చారెడు రబ్బరు సీలు భూప్రపంచంలో లేదని మనల్ని నమ్మమంటాడు. ఐరోపా దేశాల్లో 2021 నుంచి వాషింగ్ మిషన్ల ముఖ్యమైన విడిభాగాలు, ఆ మోడల్ అమ్మడం ఆపేశాక కూడా 10 ఏళ్లపాటు దొరకాలన్న నిబంధన ఉంది. మన కేంద్ర ప్రభుత్వమూ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజునే తెరిచారు, ముహూర్తానికి లోటు చేయలేదు. ఆ పోర్టల్ పేరెత్తితే మన మెకానిక్, అదేదో కొత్త మోడల్ అనుకుని ఆఫర్ ఎంతుందో చెబుతాడు.

షాపులోని కుర్రాడిది మరో పాట. "పిండుడు ఎందుకు సార్, వేడిగాలితో ఆరబెట్టేదే ఉంది" అంటాడు. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో, దండెం మీద వేసిన లుంగీ చాయ్ తాగేలోపు అప్పడమయ్యే ఊళ్లో, వేడిని కొనుక్కోమని సలహా! అలాంటి డ్రయర్ ఒక్క వాయికి రెండు మూడు యూనిట్లు తాగేస్తుంది. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంట్లో 201వ యూనిట్ ఎంత ఖరీదో ఆ కుర్రాడికి తెలియదు, ఇంటి ఇల్లాలికి తెలుసు. పోనీ, అమెరికాలో మన పిల్లల ఇళ్లలో ఉన్న ఆ డ్రయర్లేమన్నా నిశ్చింతగా ఉన్నాయా? అక్కడి అగ్నిమాపక విభాగం లెక్కలో ఏటా దాదాపు 2,900 ఇళ్లలో డ్రయర్ల వల్ల మంటలు లేస్తాయి. జాలీలో చేరిన నూగు తీయకపోవడమే అందులో పెద్ద కారణం. అక్కడా బోర్డు కాదు, బద్ధకం.

పాపమంతా మెకానిక్ మీదే వేస్తే అన్యాయం. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, తీగ బిగించి, నూటయాభై తీసుకుని పోయే వాళ్లూ ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లను మనమే రెండోసారి పిలవం. "గింత చిన్న పనికి నూటయాభయ్యా?" అని మొహం మాడుస్తాం. కొత్తది కొనమన్నవాడికి మాత్రం చాయ్ పోస్తాం. దసరా ఆఫర్ల కాగితం టీవీ కింద మడిచి పెట్టుకున్న ఇంట్లో, పాత మిషన్ బతికి బట్టకడుతుందంటే ఎవరికి సంతోషం?

ఎక్స్చేంజ్‌లో వెయ్యి రూపాయలకు తోలిచ్చిన ఆ చచ్చిన మిషన్ ఏమైందని మాత్రం ఎవరూ అడగరు. నెల తిరిగేలోపు పక్క మండలంలో ఎవరింట్లోనో గిర్రున తిరుగుతూ ఉంటుంది. దొరకని పార్టు దానికి రాత్రికి రాత్రే దొరుకుతుంది. నాలుగు వేలకు అమ్మినవాడు పైగా ఆర్నెల్ల గ్యారంటీ కూడా రాసిస్తాడు.