జటాయువుకు పంచనామా

రెక్కలు తెగి పడి ప్రాణం విడిచిన జటాయువును దహనం చేయడానికి రాముడు ఎవరి సంతకం కోసమూ ఆగలేదు. ఆ పక్షితో ఆయనకు రక్తసంబంధం లేదు. చేతిలో ఆధార్ కార్డూ లేదు. త్రేతాయుగంలో పరిపాలన అంత అధ్వానంగా ఉండేది మరి!

ఇప్పుడు అలా కుదరదు. సీతమ్మను ఎత్తుకుపోయారనే పర్ణశాల తెలంగాణలో ఉంది. జటాయువు కూలిన చోటని జనం చెప్పుకునే ఏటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. భద్రాచలానికి అది కూతవేటు దూరమే, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. అపహరణ కేసు దుమ్ముగూడెం స్టేషన్లో, చావు కేసు ఏటపాక స్టేషన్లో. ఇక తెగిన రెక్క రేకపల్లిలో పడిందంటారు, దానికి వేరే పంచనామా. ‘మృతుడు మీకేమవుతాడు?’ అన్న గడిలో రాముడు ‘మా నాన్నగారి స్నేహితుడు’ అని రాస్తే గుమాస్తా అక్కడికక్కడే కొట్టేస్తాడు.

ఏటపాకతో పాటు పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు తిరిగి ఇచ్చేయమని తెలంగాణ ఏళ్ల తరబడి అడుగుతోంది. ఇవ్వడానికి ఆంధ్రకు మనసొప్పడం లేదు. ఊరి దగ్గర ఇంత పట్టుదల ఉన్నవాళ్లే, గోదారి ఒడ్డుకు ఓ గుర్తుతెలియని శవం కొట్టుకొస్తే ఎక్కడ లేని ఔదార్యం చూపిస్తారు. మాకొద్దు, మీరే ఉంచుకోండి!

రూలు పుస్తకంలో లోటేమీ లేదు. పంచనామా చేయాలి, ఆనవాళ్లు ప్రకటించాలి, మార్చురీలో ఉంచి ఎదురుచూడాలి, ఎవరూ రాకపోతే పంచాయతీయో మున్సిపాలిటీయో సాగనంపాలి. దిక్కులేనివాడికీ మర్యాదగా అంత్యక్రియలు జరగాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. తెలంగాణలో 2016 నుంచి పార్థివ వాహనాలున్నాయి, సర్కారు ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఉచితం. ఇల్లే లేనివాణ్ణి ఎవరి గుమ్మం ముందు దించాలో డ్రైవరుకు చెప్పేవాడు లేడు. పల్లె ప్రగతి పుణ్యమా అని ఊరూరా వైకుంఠధామాలు లేచాయి. దహనవాటిక ఉంది, స్నానాల గదులున్నాయి, గేటుకు రంగు కూడా ఉంది. మోసే నలుగురే లేరు.

ఆ నలుగురి లెక్క చివరికి ఇలా తేలుతుంది: ఓ కానిస్టేబులు, ఓ పారిశుధ్య కార్మికుడు, ఓ ఆటోవాలా, సేవా సంఘం కుర్రాడొకడు. కట్టెలకూ తెల్లగుడ్డకూ డబ్బులు ఎస్సై జేబులోంచో, చందాల్లోంచో రావాలి.

పోయినవాడు ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి కోతకొచ్చిన కూలీ అయితే పని మరీ తేలిక. బతికుండగా ఏ రిజిస్టరులోనూ లేడు కనుక చచ్చాక కొట్టేయడానికి పేరే ఉండదు. కాయలు కోసినన్నాళ్లూ ఆ చేతులు ఏ రాష్ట్రానివని ఎవరూ అడగలేదు. ఆ చేతులు చల్లబడ్డాకే భూగోళం గుర్తొచ్చింది. ఒక్క మెడికల్ కాలేజీకే ఇలాంటివాళ్లు కావాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో సర్కారు కాలేజీలు వచ్చాయి. దిక్కులేని శవానికి దగ్గరి చుట్టం అనాటమీ విభాగమే!

మాజీ మంత్రి పోతే గాల్లోకి తుపాకులు పేలతాయి, పూలు కురుస్తాయి. ఆయనకు జిల్లా అంతా బంధువులే, అయినా ఖర్చు ప్రభుత్వానిది. ఎవరూ లేనివాడి ఖర్చు మాత్రం ఎస్సైది.

అయ్యా, ఇరు రాష్ట్రాల దొరలూ! గంధపు చెక్కలు అడగడం లేదు. బడ్జెట్‌లో ఒక పద్దు, బాధ్యుడైన ఒక అధికారి పేరు, సరిహద్దుకు రెండు వైపులా మోగే ఒక ఫోన్ నంబరు చాలు. అదీ కుదరదంటే వైకుంఠధామం బోర్డు మీద మీ పేర్ల కింద ఇంకో వరుస రాయించండి: ‘బంధువులున్న వారికి మాత్రమే ప్రవేశం.’