చద్ది ఋతువులు

మా నాన్న వ్యవసాయాన్ని వదిలించుకోవడానికి ముప్ఫయ్యేళ్ళు కష్టపడ్డాడు. నేను దాన్ని తగిలించుకోవడానికి ముప్ఫయ్యేళ్ళు కూడబెట్టాను. రెండు తరాల్లో మా వంశం సాధించిన ప్రగతి ఒక్కటే. మా ఊళ్ళో పాక అనేదాన్ని శామీర్‌పేటలో ఫామ్‌హౌస్ అంటున్నాం.

స్థలం ఇరవై గుంటలు. అరెకరం అంటే వినేవాళ్ళు పెదవి విరుస్తారు. ఇరవై గుంటలు అంటే కాస్త ఆగి లెక్క వేసుకుంటారు. లెక్క తేలేలోపు నేను మాట మార్చేస్తాను. 2014లో కొన్నప్పుడు అది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అయింది. స్థలం మాత్రం ఉన్నచోటే ఉంది. అందులో ఒక గది, ఒక వరండా, మూడు బేనిషాన్ మామిళ్ళు, ఒక వేప, కంచె పొడుగునా సీతాఫలం చెట్లు, అప్పుడప్పుడూ నీళ్ళిచ్చే బోరు, ఒక పెద్దయ్య. దస్తావేజులో బోరు మోటారు రాశారు గానీ పెద్దయ్యను రాయలేదు. ఆయన అంతకుముందే ఇద్దరు ఓనర్లను చూశాడు. నన్ను మూడోవాడిగా భరిస్తున్నాడు.

ఇంతకీ ఎందుకు కొన్నానంటే, ఋతువుల కోసం. చిన్నప్పుడు బడిలో ఋతువులు ఆరని చెప్పారు. మా అపార్ట్‌మెంటులో నాకు కనిపించినవి మూడే: ట్యాంకరు ఋతువు, సెల్లారులో నీళ్ళ ఋతువు, ఫంక్షన్ హాళ్ళ ఋతువు. మిగతా మూడూ ఎక్కడో ఊరి బయట దాక్కుని ఉంటాయనీ, అరెకరం కొంటే వాటంతట అవే వచ్చి వరండాలో కూర్చుంటాయనీ అనుకున్నాను.

చిక్కల్లా ఎక్కడంటే, నాది బ్యాంకు ఉద్యోగం. తోటకి వెళ్ళేది ఆదివారం. అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీద వెళ్ళాలి. ప్రకృతిని చూడాలన్న బుద్ధి ఆ రోజే నగరంలో సగం మందికి పుడుతుంది. శామీర్‌పేట చెరువు దగ్గర కార్లు ఆపి, చెరువుకు వీపు పెట్టి ఫోటోలు దిగుతుంటారు. జింకల పార్కు దగ్గర జింకలు మనుషుల్ని చూసి విసుగెత్తి లోపలికి వెళ్ళిపోతాయి. వీళ్ళందరినీ దాటుకుని నేను తోట చేరేసరికి పదకొండు. అప్పటికి ఏ ఋతువైనా మధ్యాహ్నం ఎండలాగే ఉంటుంది.

మొదటి ఏడు మృగశిర కార్తెకి ఈ పొరపాటు దిద్దుకుందామనుకున్నాను. రోహిణిలో రోళ్ళు పగిలాక మృగశిరలో తొలకరి పడాలి కదా. క్యాలెండరులో జూన్ 8 దగ్గర 'మృగశిర కార్తె ప్రారంభం' అని ఎర్రటి అక్షరాలతో ఉంది. ఆ రోజుకి క్యాజువల్ లీవు పెట్టాను. మేనేజరు కారణం అడిగితే 'వ్యక్తిగతం' అన్నాను. తొలి వాన చూడాలని రాస్తే లీవు బదులు డాక్టరు చీటీ ఇచ్చేవాడు.

పొద్దున్నే వెళ్ళి వరండాలో కుర్చీ వేసుకున్నాను. ఆకాశం ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది. పన్నెండయింది, మూడయింది. పెద్దయ్య చేపలు తినే రోజని గుర్తుచేసి, మేం తినమని తెలుసు గనక ఇంగువా బెల్లం కలిపిన ఉండ చేతిలో పెట్టాడు. అది చప్పరిస్తూ ఐదింటిదాకా కూర్చున్నాను. మబ్బు కాదు గదా, పొగ కూడా రాలేదు.

"ఏంది సారూ, రిజిస్ట్రేషన్‌కు వొచ్చినట్టు టైముకు వొచ్చి కూసున్నరు?" అన్నాడు పెద్దయ్య.

"ఇవాళేగా మృగశిర?"

"కార్తంటే తారీకు గాదు సారూ. పద్నాలుగొద్దులుంటది. గండ్ల ఎప్పుడొస్తదో వానకే తెల్వాలె."

నిజమే. ఏడాదికి కార్తెలు ఇరవై ఏడు. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. అందులో ఆదివారాలు రెండు. మిగతా రోజులన్నీ వానకు అనుకూలమే. ఆ ఏడు తొలకరి బుధవారం మధ్యాహ్నం పడింది. నేనప్పుడు ఒక ఖాతాదారుడి కేవైసీ చూస్తున్నాను. ఫోను మోగింది.

"సారూ, వాన పడ్డది!"

"ఎంత పడింది?" అన్నాను, సెల్‌ఫోనులో మిల్లీమీటర్లు వెతుకుతూ.

"జానెడు దిగింది."

వానను వీళ్ళు ఆకాశంలో కొలవరు, నేలలో కొలుస్తారు. తరువాతి ఆదివారం చూపించాడు. పారతో ఒక పెళ్ళ లేపి, తడిమట్టి ఎక్కడ ఆగి పొడిమట్టి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపాడు. పైన బెల్లపు పాకం రంగు, కింద పాలిపోయిన ఇటుక రంగు. మధ్యలో గీత గీసినట్టు హద్దు. ఆ తడి బెత్తెడుంటే విత్తు వేయరు, జానెడుంటే పదునైందంటారు. మట్టిని పిడికిట్లో నొక్కి వదిలాడు. ఉండ కట్టింది, వేలితో తాకితే విచ్చుకుంది. "గిదీ పదును" అన్నాడు. నేనూ నొక్కాను. అప్పటికి నాలుగు రోజుల ఎండ తగిలింది కదా, నా ఉండ సగంలోనే రాలిపోయింది. బుధవారం నాటి వానను నేను ఆదివారం తాకి చూశానన్నమాట.

అప్పుడే నాకు అర్థమైంది. నాకు దక్కేవన్నీ చద్ది ఋతువులు. పెద్దయ్య వాటిని వారమంతా దాచి, ఆదివారం వడ్డిస్తాడు. పెద్దల మాట చద్దిమూట అంటారు. మా పెద్దయ్య మూటలో మాటలే కాదు, ఎండలూ వానలూ కూడా ఉంటాయి.

ఆరుద్ర కార్తెలో ఎర్రటి ముఖమల్ పురుగులు వస్తాయని మా ఆవిడకి చెప్పి ఊరించాను. ఆదివారం వెళ్తే ఒక్కటీ లేదు. "మంగళారం కుప్పలు కుప్పలు తిరిగినయి" అన్నాడు పెద్దయ్య. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. లోపల తడిమట్టి, అందులో మూడు ఆరుద్ర పురుగులు. మా ఆవిడ అరచేతిలో ఒకదాన్ని పెట్టాడు. తాకగానే కాళ్ళన్నీ లోపలికి లాక్కుని కుంకుమ బొట్టులా అయిపోయింది. కాసేపాగి ఒక్కో కాలూ బయటపెట్టి, చేతి గీతల మీదుగా నడిచింది. జ్యోతిష్కుడు చూసినట్టే చూసి, ఏమీ చెప్పకుండా దిగిపోయింది. అగ్గిపెట్టెలో అయిదు రోజులు ఉన్న ఋతువు అది.

మామిడి సంగతి ఇంకో తీరు. ఉగాదినాడు మూడు చెట్ల మీదా 240 పిందెలు లెక్కపెట్టాను. బ్యాంకు బుద్ధి. ఆ లెక్కన ఎవరెవరికి ఎన్ని పండ్లు పంపాలో జాబితా కూడా రాశాను. తరువాత ఉడతలు తమ జాబితా రాసుకున్నాయి, చిలకలు తమది రాసుకున్నాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మా మండలంలోనే ఉన్నా, ఉడత మీద దావా వేసే దారి చెప్పేవాళ్ళు దొరకలేదు. అంతకుముందు పూత మీద తేనెమంచు పురుగు పడినప్పుడూ అంతే. ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ పక్కనే ఉంది, మా చెట్టుకి మాత్రం మందు దొరికేసరికి పూత సగం మాడింది. ఆ చెట్టు కింద నిలిపిన కారు అద్దాల మీద పురుగు కార్చిన బంక పడి, దానికి దుమ్మంటుకుని, వైపరు వేస్తే అద్దమంతా అలికిన గోడలా అయింది.

అయినా మే నాటికి తొంభై కాయలు మిగిలాయి. గురువారం సాయంత్రం గాలిదుమారం వచ్చింది. ఆదివారం నాకు గోనెసంచి నిండా రాలిన కాయలూ, చెట్టు మీద పదకొండూ కనిపించాయి. సంచి చూసి మా ఆవిడ, "ఏమండీ, దెబ్బ తగిలిన కాయ ఆవకాయకు పనికిరాదు, నిలవుండదు" అంది. అందుచేత మేం పద్నాలుగు రోజులు మామిడికాయ పప్పు తిన్నాం. ఒక కార్తె మొత్తం.

ఒక్క ఆదివారం మాత్రం వాన నాకోసం వచ్చింది. ఆగస్టు. వరండా, మిరపకాయ బజ్జీలు, వాన: నేను స్థలం కొన్నదే ఈ మూడింటి కోసం. నాలుగింటికి మొదలై చీకటిపడ్డా ఆగలేదు. కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు వెలిగించగానే ఎక్కడినుంచో వేలకొద్దీ ఉసిళ్ళు వచ్చి లైటునీ, మమ్మల్నీ, బజ్జీల పిండినీ సమానంగా కమ్ముకున్నాయి. లైటు ఆర్పితే కప్పలు అందుకున్నాయి. ఒక కప్ప అరిస్తే సంగీతం, మూడు వందల కప్పలు అరిస్తే యూనియన్ మీటింగు. తిరిగి వెళ్దామంటే చెల్క మట్టిలో కారు ఇరుసుదాకా కూరుకుపోయింది. పెద్దయ్య ట్రాక్టరు పిలుచుకొచ్చి లాగించేసరికి రాత్రి పదిన్నర. నేను నెత్తిమీద ఉసిళ్ళ రెక్కలతో, మోకాళ్ళదాకా బురదతో వానను తిట్టుకుంటుంటే ఆయన నింపాదిగా అన్నాడు:

"రాకుంటే రాలేదంటరు, వొస్తె వొచ్చిందంటరు. మీకు ఎట్ల కావాల్నో వానకు సమజ్ కావొద్దా సారూ?"

ఇక గునుగు సంగతి. ఇది నా ఆస్తి నిర్వహణ సామర్థ్యానికి మచ్చుతునక. సెప్టెంబరులో తోటంతా గులాబీ, తెలుపు కంకులతో కలుపు పెరిగింది. ఇద్దరు కూలీలను పెట్టి పీకించేద్దామన్నాను. "పండుగ వారముంది, గునుగు ఉండనీయుండ్రి సారూ" అన్నాడు పెద్దయ్య. "కలుపు కలుపే పెద్దయ్యా" అన్నాను. ఆ మాటలో ఎంత గాంభీర్యం ఉందో నాకే ముచ్చటేసింది. కూలి ఇచ్చి పీకించి, కంచె బయట కుప్ప వేయించాను. మరుసటి ఆదివారం తిరిగొస్తుంటే మా ఆవిడ అల్వాల్‌లో కారు ఆపమంది. అపార్ట్‌మెంటులో బతుకమ్మ పేరుస్తున్నారట, పూలు కావాలట. తట్టలో తంగేడు, బంతి, వాటి పక్కన కట్టలు కట్టి రంగులద్దిన గునుగు. మా ఆవిడ బేరమాడుతుంటే నేను స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను. గునుగును పీకించడానికి ఒకసారీ, కొనుక్కోవడానికి ఒకసారీ డబ్బిచ్చినవాడు ఈ మండలంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సీతాఫలాలు కండ్లు తెరవడం, అవి తెరిచిన రెండో రోజుకే పిట్టలు వాటిని తెరవడం, మంగళ బుధవారాల్లో జరిగే వ్యవహారం. నాకు గడ్డిలో దాచిన ఆరు కాయలు దక్కుతాయి. చలికాలంలో మాత్రం ఋతువుకన్నా ముందు చుట్టాలు వస్తారు. చలిమంట వేసి, ముందు కాలి వెనక వణికి, "అబ్బ, ఎంత హాయిగా ఉందండీ ఇక్కడ" అని దోమల్ని కొట్టుకుంటూ అంటారు. శివరాత్రికి కీసరగుట్ట జాతర జనంతోపాటు చలీ వెళ్ళిపోతుంది. ఆ తరువాత వేప ఆకు రాలుస్తుంది. ఊడవమంటే పెద్దయ్య ఊడవడు. అంతా ఎత్తి మామిడి పాదుల్లో వేస్తాడు. "చెట్టు తన బువ్వ తనే వొండుకుంటుంటే మనకేం తిప్పలు?" అంటాడు.

చలిమంట దగ్గర ఒకసారి తన వయసునాటి సంగతి చెప్పాడు. అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ళట. కాయ కోశాక వేసవిలో ఒక కత్తిరింపు, దసరా రోజుల్లో ఇంకో కత్తిరింపు. రెండోది వారం అటూ ఇటూ అయితే ఆ ఏడు పంట అటో ఇటో అయ్యేదట. పందిళ్ళు పోయాయి, వాటిని మోసిన రాతి కడీలు మిగిలాయి. మా కంచెలో ఉన్నవి అవే. రోడ్డవతల వెంచరులో ప్లాట్ల హద్దులకూ అవే పాతారు. అక్కడ ఒకే ఋతువు, పన్నెండు నెలలూ. ఫ్లెక్సీ మీద గడ్డి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

మొన్న ఒక స్నేహితుడు అడిగాడు, "ఇన్నేళ్ళు అయింది కదా, నీ తోటలో ఆరు ఋతువులూ చూశావా?" అని. లెక్క చెప్పాను. చూసినవి: ఒక వాన, పదకొండు మామిడికాయలు, మూడు ఆరుద్ర పురుగులు, లెక్కలేనన్ని ఉసిళ్ళు. విన్నవి: మిగతావన్నీ, పెద్దయ్య నోట.

రిటైర్‌మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఈలోపు మీరెవరైనా శామీర్‌పేట వైపు వస్తే మా తోటకి తప్పకుండా రండి. కాకపోతే సోమవారం రండి. ఆదివారం అక్కడ మేముంటాం, ఋతువులుండవు.